బావినీళ్ళ వాసన

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇది. వెనకింటామె చెంబుతో తన బావినీళ్ళు తెచ్చి వాసన చూడమన్న రోజుకు ముందే, మా బంకు డీజిల్ ట్యాంకులో మట్టం తగ్గుతోందని నాకు అనుమానం ఉంది.

అప్పుడు నేను నంగలి దగ్గర, హైవే పక్కన ఒక పెట్రోల్ బంకులో పనిచేసేదాన్ని. బంకు మూసేటప్పుడు మేనేజరు, మర్నాడు తెరిచే ముందు నేను, భూమిలోని ట్యాంకులోకి డిప్ రాడ్డు దించి, ఎంతవరకు తడిసిందో చూసి రాయాలి. రెండు అంకెలూ ఒకటే రావాలి. వారంగా నా అంకె కాస్త తక్కువ వస్తోంది. నాకే చూడడం చేతకావట్లేదనుకుని, మేనేజరు రాసిన అంకెనే కింద మళ్ళీ రాసేదాన్ని. అడగడానికి మొహమాటం.

ఆమె ఇల్లు బంకు వెనకే. రెండు ఆవులు, కాస్త మల్బరీ తోట, ఒక బావి. డెయిరీకి పాలు పోస్తేనే ఇల్లు గడిచేది. బావినీళ్ళు డీజిల్ వాసన వస్తున్నాయని మేనేజరుకు చెప్పుకుంటే, అయితే ఆ ఆవు పాలు పోసి ట్రాక్టరు నడపొచ్చులే అని నవ్వి పంపేశాడట. తీరిక దొరికితే నేను పుస్తకం పట్టుకుని కూర్చోవడం చూసి, నా దగ్గరికి వచ్చింది.

"ఆవు మూతి పెట్టి తల తిప్పేస్తా ఉండాది. నువ్వు సదువుకున్న పిల్లవి, చూసి చెప్పమ్మా."

చూశాను. ఏ వాసనా తెలియలేదు. బంకులో చేరిన కొత్తలో తలనొప్పి వచ్చేది. రెండు నెలలకు ఆ వాసన ఉన్నట్టే తెలియకుండా పోయింది. ఇంట్లో అమ్మ నా బట్టలు వేరే బకెట్లో నానబెట్టేది.

ఏమీ లేదక్కా అన్నాను.

ఆమె నమ్మింది. ఆ నీళ్ళలో తౌడు, బెల్లం కలిపి తాగించింది. నాలుగోరోజు ఒక ఆవు మేత మానేసింది. ఆ మాట విన్న మర్నాడు, రాడ్డు మీద కనబడిన అంకెనే రాసి మేనేజరుకు చూపించాను. తవ్వితే పైపు అతుకు తుప్పు పట్టి ఉంది. పైపు మార్చారు. నేలను కాపాడుకుందాం అన్న పచ్చ బోర్డు ఒకటి గోడకు తగిలించారు. రోజూ దాన్ని తుడిచే పని నాది. బావి ఎప్పటికి బాగవుతుందో చెప్పలేమని, చూడడానికి వచ్చిన ఇంజనీరు అన్నాడు.

ఆవు చచ్చిపోయింది. ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళాను, అంకెల సంగతి చెప్పేద్దామనే. ఆమె ట్యాంకరు నీళ్ళు డ్రమ్ములోకి పట్టుకుంటోంది. నేను నోరు తెరవకముందే పైపు పట్టుకునే మాట్లాడింది. ఆ నెలలోనే నేను పని మానేశాను. మళ్ళీ ఆమెను చూడలేదు. ఆ ఆదివారం ఆమె అన్న మాట ఇది.

"నువ్వేం అబద్ధం చెప్పలేదులేమ్మా. ఆవుకు ముక్కుండాది, నీకు లేదు. అంతే."