మండాయ్ నర్సరీకి దుప్పులొచ్చే వేళ

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు సెంగ్‌కాంగ్‌లోని మా ఫ్లాట్ నుంచి బయలుదేరాం, నేనూ మా చిన్నాయన బాలప్పా. నారాయణపేట దగ్గరి పల్లెలో ఆయనకు ఐదెకరాల చెలక ఉంది. మా ఇంటికి వచ్చి అప్పటికి పది రోజులైంది. మెరీనా బే చూపించాను, పూలతోటలు చూపించాను. అన్నిటికీ "మంచిగున్నది బిడ్డా" అనేవాడు గానీ, పద్నాలుగో అంతస్తు బాల్కనీలో నా కుండీల పక్కన కూర్చున్నప్పుడే ఆయన ముఖం కాస్త నిమ్మళంగా ఉండేది. ఒకరోజు వేలితో మట్టి నొక్కి చూసి, "ఈ మట్టి యాడికెళ్లి తెచ్చినవ్?" అని అడిగాడు.

మండాయ్‌లో సింహాద్రి అంకుల్ నర్సరీ నుంచి అని చెప్పాను. దాని వెనకంతా అడవేననీ, సాయంత్రాలు దుప్పులు వస్తాయనీ కూడా అన్నాను. చిన్నాయన చెయ్యి కుండీలోనే ఆగిపోయింది.

"ఈడ గూడ ఉన్నయా అవి? నన్ను తోల్కపో."

అలా మొదలైంది ఈ ప్రయాణం. మా బ్లాక్ పక్కన ఎల్‌ఆర్‌టీ అనే చిన్న రైలు ఎక్కి సెంగ్‌కాంగ్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి సెరంగూన్, మళ్లీ కాల్డికాట్, ఇలా రైళ్లు మారుతూ స్ప్రింగ్‌లీఫ్ చేరాలి. గంటకు కాస్త పైన ప్రయాణం. వారాంతమైనా సీట్లు దొరికాయి. సెరంగూన్ దాటాక చిన్నాయన ఉన్నట్టుండి మాట్లాడడం మొదలుపెట్టాడు.

"పోయినేడు కంది మొలకలు బెత్తెడైనయో లేదో, కృష్ణజింకలు మందకు మంద వచ్చి పడ్డయి. రెండుసార్లు విత్తిన. రెండుసార్లూ తినిపోయినయి. ఇప్పుడు పట్నంకెళ్లి ఎవరో తుపాకులోళ్లు వస్తమంటున్నరు. నా చెలకల కూసుంటరట. రెండు దినాలల్ల మంద మల్ల కనపడదంటున్నరు."

"అది నేరం చిన్నాయనా. వాళ్లు పోతారు, జైలుకు నువ్వు పోతావు."

"నాకు తెల్వదా? ఊరికొచ్చినంక చెప్తనన్న."

ఆ తర్వాత ఆయన కిటికీ వైపు తిరిగాడు. బయట సొరంగం చీకటి తప్ప ఏమీ లేదు. నేను సరదాగా ఒక పూట తిప్పుకొద్దామనుకుని బయలుదేరాను. ఆయన మాత్రం ఊళ్లో ఇవ్వాల్సిన జవాబు ఒకటి మోసుకుని తిరుగుతున్నాడని అప్పుడే తెలిసింది.

మూడూ నలభైకి స్ప్రింగ్‌లీఫ్‌లో దిగాం. దగ్గర్లోని కాఫీ షాపులో తలా రెండు పరోటాలు తిన్నాం. పక్క బల్లమీది మలాయ్ పెద్దమనిషి పరోటాను చక్కెరలో అద్దుకుని తింటుంటే చూసి చిన్నాయన కూడా అద్దుకున్నాడు. నచ్చింది. తర్వాత 138 బస్సు ఎక్కాం. అది జూకు పోయే బస్సు కాబట్టి నిండా పిల్లలే. చిన్నాయన కండువా, పంచె చూసి ముందు సీట్లోని పాప, "అంకుల్, జూ లాస్ట్ స్టాప్ లా, డోంట్ వరీ" అని, ఇక్కడివాళ్లు మాట చివర తగిలించే ఆ 'లా'తో ధైర్యం చెప్పింది. మేం అంతకు ముందే, అడవి రోడ్డు మొదట్లోనే దిగి పది నిమిషాలు నడిచాం.

సింహాద్రి అంకుల్ గేటు దగ్గరే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి, నిక్కరు, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. వాళ్ల తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి సరిహద్దు అవతలి జొహోర్ రబ్బరు తోటలకు వచ్చారు. ఆయన పుట్టింది అక్కడే. ఒకప్పుడు నేను ఈ నర్సరీలో ఫోన్‌లో తెలుగు మాట్లాడుతుంటే విని, తులసి మొక్క ఊరికే ఇచ్చి పంపారు.

"ఏటి బాబూ, ఎండలో నడిచొచ్చీసేరా? సాప్టారా?" అన్నారు చిన్నాయనతో. తిన్నారా అని; సగం తెలుగు, సగం తమిళం. చిన్నాయనకు సగమే అర్థమైనా నవ్వాడు.

నర్సరీ వెనక భాగం చూస్తే పాడుపెట్టిన చేనులా ఉంటుంది. అది కావాలనే అలా పెంచారు. అడవి అంచున ఇరవై అడుగుల మేర గడ్డి కొయ్యడం మానేశారు. పాత ముళ్లతీగ కంచె పీకించారు. అధికారులను అడిగి, ఈ నేల చెట్లే తెచ్చి పొదలు పొదలుగా నాటారు, దుప్పికి దాక్కునే చోటు ఉండాలని. ఒక మూల లోతులేని మడుగు తవ్వారు. నిలవ నీళ్లు కనిపిస్తే దోమల తనిఖీవాళ్లు ఊరుకోరు కాబట్టి నీళ్లు ఎప్పుడూ సన్నగా పారేలా గొట్టం పెట్టి, చిన్న చేపలు వదిలారు. అమ్మకానికి పెట్టిన మొక్కల చుట్టూ మాత్రం నిలువెత్తు వల. తిండి మాత్రం వెయ్యరు. అడవి జంతువులకు తిండి పెట్టడం ఇక్కడ నేరం.

చిన్నాయన ఊరికే కూర్చోలేడు. చిన్న మొక్కలకు చుట్టుకున్న తీగలు చూసి, అంకుల్ చేతిలోని కత్తి తీసుకుని కోయడం మొదలుపెట్టాడు. గంటసేపు ఇద్దరూ పక్కపక్కనే పనిచేశారు. చిన్నాయన చొక్కా చెమటతో తడిసిపోయింది. తుడుచుకున్న కండువాను మడుగు పక్కన మొద్దు మీద ఆరేసి వచ్చాడు. అంకుల్ భార్య పార్వతి ఆంటీ టీ తెచ్చారు.

"నా మందారాలన్నీ తినీసినాయి ఆ రూసాలు," అన్నారామె చిన్నాయనతో. దుప్పిని ఇక్కడ మలాయ్‌లో రూసా అంటారు. "వల కట్టేదాకా నేను ఈయనతో మాట్లాడలేదు."

చిన్నాయనకు మనిషి దొరికినట్టయింది. "అట్ల చెప్పమ్మా! మీకు పూలు పోయినయి, నాకు ఏడాది తిండి పోయింది."

అంకుల్ కాదనలేదు. "నీ కష్టం వేరు బాబూ. నేను నీకు నీతి చెప్పకూడదు. జొహోర్‌లో మా నాయన తుపాకీతో రూసాని కొట్టేవాడు. నేనూ కొట్టాను. మాంసం బాగుండేది, అబద్ధం ఎందుకు? ఒక ఏడాది తొమ్మిది సాయంత్రాలు మాటేసి కూర్చున్నాం. ఒక్కటీ రాలేదు. మరింకెప్పుడూ రాలేదు. ఇక్కడ ఈ బురదలో గిట్టల గుర్తులు చూసిన రోజు, ఇదిగో, ఇలాగే నేలమీద కూర్చుండిపోయాను."

"ఈ భూమి నీదేనా?"

"లీజు. వచ్చే ఏడు ఆఖరుకి అయిపోద్ది."

"మరి ఎందుకు నాటుతున్నవు?"

"అప్పటిదాకా వస్తాయి కదా లా."

చిన్నాయన మళ్లీ కత్తి అందుకుని ఇంకో మొక్కకు చుట్టుకున్న తీగ కోశాడు.

ఆరున్నరకు వల వెనక బల్లమీద కూర్చున్నాం. మాటలు వద్దన్నారు అంకుల్. ఏడుకు పది నిమిషాలుండగా పొదల్లో ఆకులు కదిలాయి. ముందు చెవులు కనిపించాయి, తర్వాత పెద్ద గోధుమరంగు ఒళ్లు. ఆడ దుప్పి. వెనకే ఇంకోటి, లేత కొమ్ముల మీద నూగు ఉన్న మగది. చిన్నాయన ఎరిగిన జింకలకు రెండింతలున్నాయి. ఆడది నీళ్లు తాగింది. మగది మొద్దు దగ్గరికి నడిచి, కండువాను వాసన చూసి, నాకడం మొదలుపెట్టింది. ఉప్పు కోసం. నాకి నాకి, చివరికి నోట కరుచుకుని లాగింది.

"అయ్యో, నా కండువా," అన్నాడు చిన్నాయన, ఊపిరి తీసినంత మెల్లగా.

పార్వతి ఆంటీ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గుడ్డ మింగేస్తుందేమోనని అంకుల్ కంగారుగా లేచి చేతులు చరిచారు. దుప్పి కండువాను వదిలేసి ఒక్క గెంతులో పొదల్లో కలిసిపోయింది. మరుక్షణం చిన్నాయన పడీ పడీ నవ్వాడు. ఆయన వచ్చాక అలా నవ్వడం నేను చూడలేదు. "చెమటను గూడ వదలరు గదరా మీరు!" అన్నాడు అడవి వైపు చూసి. ఆ తిట్టులో కోపం లేదు.

వెళ్లాలనుకునేవారికి ఒక మాట: ముందుగా ఫోన్ చేసి అడిగి వెళ్లండి, వాళ్లకది ఇల్లు కూడా. దోమల మందు రాసుకోండి. తినేవి తీసుకెళ్లకండి. ఉతికిన బట్టలు కట్టుకోండి.

ఏడూ నలభైకి బస్సు దొరికింది. ఈసారి జూ నుంచి వచ్చే పిల్లలు, అందరూ నిద్రలో. స్ప్రింగ్‌లీఫ్‌లో రైలెక్కాక, ఊళ్లో తన పొలం చూస్తున్న నర్సింలుకు ఫోన్ కలపమన్నాడు చిన్నాయన. చుట్టూ ఉన్నవాళ్లు తలలెత్తి చూసేంత గట్టిగా మాట్లాడాడు.

"తుపాకులోళ్లకు రావద్దని చెప్పు. ఆఁ, వద్దే. కంది చుట్టూ వల కడదాం. కుంట పక్కన రాళ్ల చెలక ఉన్నది గదా, దాన్ని దున్నకు. గడ్డి పెరగనీ. అవి ఆడ మేస్తయో, మల్ల కందిలకే వస్తయో... ఏమో, ఒక్క ఏడు చూద్దాం."

ఫోన్ నాకిచ్చి, "ఒక్క ఏడేరా బిడ్డా, నేను దేవుణ్ణి గాను," అన్నాడు.

పదకొండేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నాను. ఏ రైలు ఎక్కడ మారాలో కళ్లు మూసుకుని చెప్పగలను. అయినా అడవిని ఆనుకుని కూర్చుని ఒక ప్రాణి కోసం ఎదురుచూడడం నాకు అదే మొదటిసారి. ఒక పెద్దాయన తనది కాకుండా పోయే నేలలో మొక్కలు నాటుతున్నాడు. ఇంకో పెద్దాయన పక్కనే కత్తి పట్టుకుని ఆ మొక్కలకు చుట్టుకున్న తీగలు కోశాడు. ఆ ఇద్దరి మధ్య కూర్చుని టీ తాగిన సాయంత్రం కోసం నేను ఎన్ని రైళ్లయినా మారతాను.

సెంగ్‌కాంగ్‌లో తలుపులు తెరుచుకునేసరికి చిన్నాయన నా భుజం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. లేపాను. దిగుతూ దిగుతూ, "మల్ల శనివారం గూడ పోదామా?" అని అడిగాడు.