ఊయలకు వేయించిన ఇసుక

ఆ రోజుల్లో నాకు తెలియని పని అంటూ ఏదీ ఉండేది కాదు. డిప్లొమా చేతికొచ్చి మూడు నెలలు, మణుగూరులో వెల్డింగ్ షాపులో చేరి రెండు నెలలు. లోకంలోని ఇనుమంతా నా మాట వింటుందని గట్టి నమ్మకం. (ఇనుముకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.) సరిగ్గా అప్పుడే అక్కకు పాప పుట్టింది. ఇరవై ఒకటో రోజున మేనమామ తెచ్చిన ఊయలలోనే బిడ్డను వేయడం మా ఇంటి ఆనవాయితీ. "కొనుడెందుకక్కా, నేనే చేస్త. గుండ్రటి కాళ్లతోని, మొత్తం పైపుదే," అని పినపాకలో మా ఇంట్లో చుట్టాలందరి ముందూ మాటిచ్చాను. "తమ్మీ, ఆ రోజు బిడ్డను చాప మీద పండబెట్టేటట్టు చెయ్యకు," అంది అక్క. నా మీద ఆమెకు అంత నమ్మకం.

మా ఉస్తాద్ జీవితమంతా కిటికీ గ్రిల్లులు, గేట్లు చేసినవాడు. పైపు వంచే మిషన్ షాపులో లేదు కాబట్టి నేనే తయారుచేశాను. పాత ట్రాక్టరు పుల్లీని బల్లకు బిగించి, పక్కన బేరింగు పెట్టి, దానికి నా అంత పొడుగు చువ్వ తగిలించాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. మొదటి పైపు పెట్టి లాగితే వంగింది కానీ, వంపు దగ్గర చప్పిడి ముక్కులా నొక్కుకుపోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. ఉస్తాద్ వాటిని వరసగా గోడకు ఆనించి, "నీ మిషన్ మంచిగనే ఉన్నది బేటా, పైపులకే చదువు రాలే," అన్నాడు. మర్నాడే వేడుక. మిగిలినవి రెండే పైపులు, ఊయల కాళ్లకు వంచాల్సినవీ రెండే.

మా షాపుకు ఎదురుగా మరమరాల బట్టీ ఉండేది. వేడి ఇసుకలో బియ్యం వేయించే ఆమెను బజారంతా పెద్దమ్మ అనేది. పొద్దుటి నుంచి నా తిప్పలు చూస్తూనే ఉంది. "ఏంది బిడ్డా, బోలుదాన్ని వంచితే నలగదా? నా మరమరం చూడు, వేలితోని నొక్కితే పిండైతది. కడుపు నింపి వంచు," అంది. "ఇదేమన్నా మరమరాల పనా పెద్దమ్మా?" అని నవ్వాను. ఆమె కోప్పడలేదు. బాణలిలోని ఇసుక జల్లించి బకెట్టు నింపి ఇచ్చింది. "వాగు ఇసుక పొయ్యకు, తడికి ముద్దైతది. ఇదైతే పొడిగుంటది, సందు లేకుండ కూసుంటది. తట్టుకుంట పొయ్యి." వేరే దారి లేక, ఉస్తాద్ నమాజుకు వెళ్లిన సమయం చూసి, పోశాను, తట్టాను, రెండు చివర్లా కట్టె బిరడాలు బిగించి చువ్వ లాగాను. పైపు నలగలేదు! పుల్లీ చుట్టూ నున్నగా, గుండ్రంగా తిరిగింది. నడిబజారులో ఎగిరి గంతేశాను.

మర్నాడు ఊయల చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. పైపులో ఇసుక పోసి వంచానని చెబితే, "ఈ ఉపాయం ఎట్ల తట్టింది తమ్మీ?" అంది అక్క. నేను పిలిస్తే మరమరాల మూటతో వచ్చిన పెద్దమ్మ పక్కనే నిలబడి ఉంది. "చదువుకున్నం గదక్కా," అన్నాను. పెద్దమ్మ నా వంక చూసి, "అవ్, చదువుకున్న పోరడు గద," అని పాప దగ్గరకు వెళ్లిపోయింది.

ఇప్పుడు నా షాపులో మీట నొక్కితే పైపు వంచే మిషన్ ఉంది. ఆ ఊయలలో ఊగిన మేనకోడలు ఈ ఏడు డిప్లొమాలో చేరి, "ఇసుక పోసి వంచుడు నువ్వే కనిపెట్టినవట గద మామా?" అని అడిగింది. (ఆ అబద్ధానికీ దాని వయసే, ఇరవై రోజులు తక్కువ.) దాన్ని బండెక్కించుకుని బట్టీకి తీసుకెళ్లాను. పెద్దమ్మ ఇంకా ఇసుక కలుపుతూనే ఉంది. "కనిపెట్టింది ఈమె," అన్నాను. పెద్దమ్మ తల ఎత్తకుండానే, "గిది చెప్పనీకి గిన్నేండ్లు పట్టిందా బిడ్డా?" అని మా ఇద్దరి దోసిళ్లలో వేడి వేడి మరమరాలు పోసింది. నడిబజారులో గంతేసిన ఆ పోరణ్ని తలుచుకుంటే నవ్వొచ్చింది. వాడి చెవి మెలిపెట్టాలనీ అనిపించింది.