కూపనంత చిల్లు

మా అమ్మ దాచుకున్న సీరియల్ పుస్తకాల్లో ఒకదాంట్లో చిల్లున్న పేజీ ఉంది. చెదలు తిన్నదీ కాదు, ఎలుక కొరికిందీ కాదు. కత్తెరతో నాలుగు వైపులా తిన్నగా కత్తిరించిన చిల్లు, పోస్టుకార్డులో సగమంత. ఆ పని నేనే చేశానని నా ఎనిమిదో ఏట నాకు విసనకర్ర కాడతో దెబ్బలు పడ్డాయి. నేను చెయ్యలేదు. ఇప్పుడు నాకు అరవై నాలుగేళ్ళు. ఇప్పటికీ అదే చెబుతున్నాను, నేను చెయ్యలేదు.

సీరియల్ పుస్తకం అంటే ఏమిటో ఈ కాలం వాళ్ళకి చెప్పాలి. అప్పట్లో వారపత్రికలో నవల వస్తుంటే, వారం వారం ఆ పేజీలు మాత్రం పిన్నులు ఊడదీసి, చిరక్కుండా లాగి, పరుపు కింద దాచేవారు. నవల పూర్తయ్యాక అన్నీ కలిపి బైండు చేయించేవారు. రాజమండ్రిలో మేముండే వీధిలో ఏ ఇంట్లో చూసినా ఇదే పని. సీరియల్ పేజీ లాగితే దాని వెనకున్నది కూడా వస్తుంది కదా. వెనక ప్రకటన ఉండేది. అంచేత మా ఇంట్లో ఏ నవల తీసినా, కథానాయిక కన్నీళ్ళు తుడుచుకున్న కాగితానికి అవతల పక్క పళ్ళపొడి డబ్బా కనిపిస్తుంది. ఎవరూ దాచాలనుకోని ప్రకటనలు అలా బతికిపోయాయి.

అమ్మకి ఎనభై ఆరు. నా దగ్గరే ఉంటుంది. రెండేళ్ళుగా చూపు మధ్యలో మసక. పక్కనున్నవి కనిపిస్తాయి గానీ ఎదురుగా ఉన్నది కనిపించదు. ఇక మందులేదని కంటి డాక్టరు తేల్చేశాక, "ఆ బైండు పుస్తకాలు నాకు చదివి పెట్టవే" అంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను చదువుతాను, ఆవిడ మంచం మీద ఓ పక్కకి ఒత్తిగిలి వింటుంది. కథ బాగానే సాగుతుంది. నా గొడవంతా వెనక పేజీలతోనే.

ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పిన దాన్ని నేను. ఆ ప్రకటనలు చదువుతుంటే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. ఒకదాంట్లో మెడలో స్టెతస్కోపు వేసుకున్న డాక్టరుగారు సిగరెట్టు కాలుస్తూ, గొంతుకి ఇది హాయి అంటాడు. ఇంకోదాంట్లో ఓ తల్లి నవ్వుకుంటూ ఉయ్యాల్లో ఉన్న పసివాడి మీద దోమల మందు కొడుతుంది. మరోదాంట్లో సాయంత్రం ఆరింటికి భార్య ఆవలించిందట, భర్త మొహం ముడుచుకున్నాడట. దానికి మందేమిటంటే ఆవిడ రోజూ రెండు చెంచాల టానిక్కు తాగాలి! ఆ పెద్దమనిషి లేచి తన కాఫీ గ్లాసు తను కడుక్కోవచ్చని ఏ ప్రకటనలోనూ రాయలేదు. "నరముల బలహీనతను హరించి, దేహమునకు కాంతి నొసంగును. నకిలీలను చూసి మోసపోకుడు" అని కింద హెచ్చరిక మళ్ళీ. అసలుదే మోసమైతే నకిలీకి భయమెందుకో!

నేను ఇలా రుసరుసలాడుతుంటే అమ్మ విసుక్కునేది. "ఊరుకోవే బాబూ. మందులమ్ముకునే వాళ్ళ మాటలు అలాగే ఉంటాయి. ఎవరు నమ్మారు గనక? నువ్వు కథ చదువు."

పోయిన నెల ఆ చిల్లు పేజీ వచ్చింది. కథలో అమ్మాయికి ఊరి నుంచి ఉత్తరం వస్తుంది, వణుకుతున్న చేతులతో విప్పుతుంది. అక్కణ్ణించి పదకొండు లైన్లు లేవు. చిల్లు కింద ఆ అమ్మాయి రైలెక్కేస్తూ ఉంటుంది. ఉత్తరంలో ఏముందో, రైలెందుకు ఎక్కిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"చిల్లొచ్చింది" అన్నాను.

"అవతల పేజీకి వెళ్ళిపో" అంది అమ్మ.

"నేను కత్తిరించలేదమ్మా."

"ఇప్పుడు ఎవరన్నారే నిన్ను? ఎప్పటి మాట? ముందు చదువు."

అదే నాకు మంట. అనలేదనడం వేరు, నువ్వు కాదే అనడం వేరు. ఆ రోజు నాకు బాగా గుర్తు. ఎదురింటి పిన్నిగారు చదువుకుందామని ఆ వారం పేజీలు పట్టుకెళ్ళి, పావుగంటలో వెనక్కొచ్చారు. "ఇదేంటమ్మా, సరిగ్గా ఉత్తరం దగ్గర చిల్లుంది?" అన్నారు. అమ్మ మొహం ఎర్రబడింది. గుమ్మంలో ఆడుకుంటున్న నన్ను జబ్బ పట్టుకుని లాగి, "ఈ పిల్లేనండి! బొమ్మలంటే చాలు, కత్తెర పట్టుకుంటుంది" అని పిన్నిగారి ఎదురుగానే బాదేసింది. నాకు బొమ్మలు కత్తిరించి నోటు పుస్తకంలో అంటించుకునే పిచ్చి ఉన్న మాట నిజమే. అందుకే నేనెంత మొత్తుకున్నా ఒక్కరూ నమ్మలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. ఆ తర్వాత కొద్ది రోజులకి అమ్మ ఎందుకో మెత్తబడింది. పేలు దువ్వడానికి తప్ప నన్ను దగ్గర కూచోబెట్టుకునే తీరికే లేని మనిషి. అలాంటిది రోజూ సాయంత్రం స్నానం చేయించి, పెరటి మెట్టు మీద తన ఎదురుగా కూచోబెట్టుకుని, చిన్న సీసాలోంచి తెల్లటి మందు తీసి నా మొహానికి మెల్లగా రాసేది. చెమటకాయలకి అనేది. రోజాపూల వాసన వేసేది. రాస్తున్నంత సేపూ ఆ వారం సీరియల్లో ఏమైందో నాకు కథలా చెప్పేది. కొట్టినందుకు బాధపడుతోందని నాకు నేనే అనుకున్నాను. మా చిన్నతనం ఎలా ఉండేదని నా కూతురు అడిగినప్పుడల్లా నేను చెప్పేది ఆ సాయంత్రాల గురించే.

కానీ దెబ్బలు దెబ్బలే. అమ్మ ఉండగానే, ఆవిడ నోటితోనే, 'నువ్వు కత్తిరించలేదే' అనిపించుకోవాలి. నవ్వుతారేమో, అరవై నాలుగేళ్ళ మనిషికి ఇదేం పంతమని. నవ్వండి. ఎనిమిదేళ్ళప్పుడు అబద్ధాలకోరు అనిపించుకుంటే తెలుస్తుంది.

ఆ వారం పత్రిక కోసం తిరిగాను. లైబ్రరీలో ఆ ఏడాది కట్టే లేదు. పాత పుస్తకాల కొట్టువాడు, "అంత పాతవి ఎక్కడుంటాయండీ, ఎవరన్నా ఉంచుతారా?" అని నన్నే అడిగాడు. కంప్యూటర్లో పాత పత్రికలు పెట్టేవాళ్ళని మా అల్లుడి చేత అడిగించాను. వాళ్ళ దగ్గర ముందు వారమూ ఉంది, తర్వాతి వారమూ ఉంది. నాక్కావలసింది లేదు. విసిగిపోయాను.

అలాంటి రోజుల్లో మా తమ్ముడి కోడలి పుట్టినరోజని అందరం గోదావరి గట్టు దగ్గర కొత్తగా పెట్టిన హోటలుకి వెళ్ళాం. లోపలికి అడుగుపెట్టగానే నోరు వెళ్ళబెట్టాను. గోడల నిండా ఫ్రేములు కట్టిన పాత ప్రకటనలు! సిగరెట్టు డాక్టరు, దోమల మందు తల్లి, ఆవలించిన భార్య, అందరూ అక్కడే ఉన్నారు. మా పిల్లలు వాటి పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటూ ఒకటే పకపకలు. "అత్తయ్యగారూ, ఎంత క్యూట్‌గా ఉన్నాయో చూడండి! ఇవన్నీ అప్పట్లో నిజంగా నమ్మేవారాండీ?" అంది తమ్ముడి కోడలు. ఆ పిల్ల చేతిలోని ఫోన్లో అప్పుడే ఏదో సీరం ప్రకటన వచ్చింది, ఏడు రోజుల్లో గ్లో అని. నవ్వుతూనే దాన్ని పక్కకి తోసింది. ఎవరేం మారారని?

చెయ్యి కడుక్కునే చోట, అద్దం పక్కన ఉన్న ఫ్రేము చూసి ఆగిపోయాను. కిటికీలో చెంపకి చెయ్యి ఆనించుకుని ఏడుస్తున్న నల్లపిల్ల, బయట పల్లకీలో పెళ్ళికూతురై వెళ్తున్న తెల్లపిల్ల. ఈ బొమ్మ నాకు తెలుసు. అమ్మ పుస్తకంలో చిల్లున్న పేజీకి వెనక వైపు ఇదే. నేను చూసిందెప్పుడూ చిల్లుతోనే. ఇక్కడ నిండుగా ఉంది. బొమ్మ కింద, సరిగ్గా చిల్లుండే చోట, చుక్కల గీతల మధ్య ఒక కూపను. ఇది కత్తిరించి పంపువారికి మొహానికి రాసుకునే స్నో సీసా ఉచితమట.

నాకు గంతెయ్యాలనిపించింది. బొమ్మల పిచ్చి ఉన్న పిల్ల పల్లకీ బొమ్మ వదిలేసి కూపను కత్తిరిస్తుందా? ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? పైగా దీని వెనక ఆ పదకొండు లైన్లు ఉంటాయి! హోటలాయన్ని పిలిచాను.

"ఏవండీ, ఈ ఫ్రేము ఒకసారి దించుతారా? వెనక పక్క చదువుకోవాలి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "వెనకేముంటుందండీ మేడం? అట్ట ఉంటుందండి."

వదల్లేదు నేను. దించి విప్పించాను. అట్టే ఉంది. పేజీని దానికి జిగురు పెట్టి అంటించేశారు. చేసిచ్చింది తణుకులో ఫ్రేములు కట్టే ఆయనట. నంబరు తీసుకుని అక్కడ నిలబడే ఫోన్ చేశాను.

"ఆయ్, మేమేనండి. బొమ్మున్న వైపు జిగురు రాయలేం కదండీ, అందుకని రెండో వైపు రాస్తామండి."

"రెండో వైపు కథ ఉంటుంది కదండీ!"

"కథలెవరికి కావాలండీ ఇప్పుడు? గోడకి బొమ్మే కదండీ అందం. బొమ్మల్లేనివన్నీ చిత్తుకాగితాల కింద కాటాకి వేసేశామండి, ఆయ్."

ఎంత మర్యాదగా చెప్పాడో! ఫోను పెట్టేసి చల్లారిపోయిన బిర్యానీ ముందు కూచున్నాను. అప్పుడు ప్రకటన కోసం కథకి చిల్లు పడింది, ఇప్పుడు ప్రకటన కోసం కథ మొత్తం జిగురు కిందకి పోయింది. ఛీ, ఏం మనుషులని తిట్టుకున్నాను. పోనీలే, సాక్ష్యమన్నా దక్కిందని ఫ్రేముకి ఫోటో తీసుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం పుస్తకం పక్కన పెట్టి, ఫోను చేతిలోకి తీసుకుని అమ్మ మంచం మీద కూచున్నాను.

"ఇవాళ కథ లేదు. ప్రకటన చదువుతాను, విను. ఆ చిల్లుకి వెనకున్నది. 'మీ అమ్మాయి నల్లగా ఉన్నదా? దిగులు చెందకుడు! నలుబది దినములలో చంద్రబింబము వంటి ముఖము.' విన్నావా? చంద్రబింబమట! సిగ్గులేదూ రాయడానికి? వాడెవడో గానీ నా క్లాసులో ఉంటే గోడకుర్చీ వేయించేదాన్ని. కింద కూపను. పేరు, ఊరు, అమ్మాయి వయస్సు. అమ్మా, నువ్వే చెప్పు, ఎనిమిదేళ్ళ పిల్ల బొమ్మ వదిలేసి కూపను కత్తిరిస్తుందా? నేను కాదని ఇప్పుడన్నా ఒప్పుకుంటావా?"

నేను ఆఖరి లైను చదవబోయాను. "తల్లీ! నేడు..."

"నేడు నీవు ఆలస్యము చేసినచో రేపు నీ బిడ్డ నిన్ను క్షమించదు" అంది అమ్మ.

ఫోన్లో చూశాను. ఒక్క అక్షరం తేడా లేదు. నిన్న చదివిన కథ ఇవాళ మర్చిపోయే మనిషి!

"ఎనిమిదేళ్ళని రాశాను" అంది, గోడవైపు చూస్తూ. "దీన్ని ఎవడు చేసుకుంటాడే అని అంతకు ముందు రోజే మీ నాయనమ్మ అందరిలోనూ అంది. నువ్వు అక్కడే ఆడుకుంటున్నావు. నీకు వినపడలేదు. నాకు వినపడింది. ఇది చూశాను, కత్తిరించి పంపించేశాను. ఎదురింటావిడ వచ్చి చిల్లేంటమ్మా అంటే ఏం చెప్పనే? నా కూతురు నల్లదని ఊరూరా చెప్పుకుని మందు తెప్పిస్తున్నానని చెప్పనా? నోటికి నువ్వొచ్చావు."

రోజాపూల వాసన నాకు అప్పుడు తగిలింది. పెరటి మెట్టు, చిన్న సీసా, మొహం మీద ఆవిడ వేళ్ళు.

"అయితే చెమటకాయలకి కాదన్నమాట" అన్నాను.

"నలభై రోజులు రాశాను. ఏమీ కాలేదు."

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఆవిడ మీదో, నాయనమ్మ మీదో, ఎక్కడో కుర్చీలో కూచుని ఆ లైను రాసి జీతం తీసుకున్న ఆ మహానుభావుడి మీదో తెలియలేదు. "పోనీ కత్తిరించే ముందు ఆ ఉత్తరం చదివే ఉంటావుగా, అందులో ఏముందో అదన్నా చెప్పు" అని గట్టిగా అన్నాను.

"చదవలేదే. పత్రిక రాగానే ఇదే కంటబడింది. పోస్టు తీసే వేళైపోతోంది, ముందు కత్తిరించేశాను."

సీరియల్ కోసం వారమంతా గుమ్మంలో కాచుకుని ఉండే మనిషి. నేను ఫోను పక్కన పడేశాను.

"నేను కత్తిరించలేదని ఒక్కసారి అనమ్మా."

ఆవిడ నా చెయ్యి తడిమి పట్టుకుంది. "నువ్వు కత్తిరించలేదే. నేనే" అంది.

యాభై ఆరేళ్ళు ఆ మాట కోసం పోరాను. అది విన్నాక, అనకుండా ఉంటే బాగుండేదనిపించింది. నా చిన్నతనంలో అమ్మ నన్ను ఎదురుగా కూచోబెట్టుకున్నది ఆ నలభై సాయంత్రాలే.