పన్నెండడుగుల గేటు కింద

మా చేనికి గేటు పెట్టించి రెండేళ్ళు దాటింది. రోడ్డున వెళ్ళేవాళ్ళు ఆగి మరీ బాగుందంటారు. దాని కింద నేను చేసిన పని ఇంతవరకూ ఎక్కడా రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

అంతకు ముందు అక్కడ ఆరడుగుల దారి ఉండేది. రోడ్డుకీ మా చేనికీ మధ్య మురుగు బోదె పారుతుంది. వెనక చేల నీళ్ళు ఆ బోదెలోంచే వచ్చి, కొంచెం దిగువన మురుగు కాలువలో కలుస్తాయి. బోదెలో రెండు సిమెంటు తూములు పక్కపక్కన వేసి, పైన మట్టి పోసి, మా నాన్నగారు దారి చేయించారు. వెదురు తడికే తలుపు. ఆ దారిన వరికోత మిషను పట్టేది కాదు. ఒకసారి ట్రాక్టరు వెనక చక్రం బోదెలోకి జారింది. ఆ వేసవిలో గట్ల మీది కొబ్బరిచెట్లకి దింపు తీయించి కాయలు రాశి పోసి వస్తే, తెల్లారేసరికి సగం లేవు. ఇక లాభం లేదనుకుని ముమ్మిడివరంలో పన్నెండడుగుల ఇనప గేటు చేయించాను. రెండు రెక్కలు, లోపలి గొళ్ళెం, పెద్ద తాళం.

దారి పన్నెండడుగులు కావాలంటే తూములూ పన్నెండడుగులు ఉండాలి. పాతవి ఒక్కొక్కటి ఆరడుగులు. కొత్తవి రావడానికి వారం పడుతుందన్నారు. నాకు వారం ఆగే ఓపిక లేదు. పక్కపక్కనున్న రెండింటినీ ఒకదాని వెనక ఒకటి పెట్టేయమన్నాను.

మేస్త్రి బోదెలో మోకాలి లోతున నిలబడి తలెత్తాడు. "ఎడల్పు పెరిగింది గానండీ, నీళ్ళు పోయే నోరు సగం అయిపోద్దండీ. ఇంకో రెండు తూములు తెప్పిస్తే బాగుంటదండి."

"మన చేను మెరకేగా. మనకేం నీళ్ళు నిలవవు."

"మనకి నిలవవండి," అన్నాడు. 'మనకి' దగ్గర కాస్త ఆగి అన్నాడు. ఆ ఆగడం నాకు వినిపించింది. విననట్టు గేటు స్తంభాల కొలతలు చూసుకున్నాను.

మా వెనక పల్లపు చేను ఒకావిడ కౌలుకి చేస్తోంది. భర్త రొయ్యల చెరువుల మీద కాపలా పని చేస్తాడు కాబట్టి వ్యవసాయమంతా ఆవిడదే. గేటు నిలబెట్టిన రోజు చూడ్డానికి వచ్చింది.

"అబ్బో, బాబాయిగారూ, పెళ్ళిపందిరి గేటులాగుందండీ! ఇక మా చేనుకీ మిషను వస్తదన్నమాట."

"వస్తుందమ్మా. కోతలప్పుడు తాళంచెవి పట్టుకెళ్ళు," అన్నాను. అలా అంటున్నప్పుడు ఏదో దానం చేస్తున్నట్టు అనిపించింది నాకు.

వానాకాలం సార్వా పంటకి ఊడ్పులు అయ్యాయి. చిన్న వానలకి ఏమీ తెలియలేదు. చేలు ఈని వెన్నులు వేసే వేళకి, అమావాస్య ముందు, వాయుగుండం పట్టింది. రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. మూడో రోజు పొద్దున్న వాన తగ్గాక ఆవిడ మా వీధరుగు దగ్గరికి వచ్చింది. కాళ్ళకి మోకాళ్ళ దాకా బురద.

"బాబాయిగారూ, నీళ్ళు లాగట్లేదండీ. ఈనిన చేనండీ, వెన్నులు మునిగిపోయేలా ఉన్నాయి."

"అమావాస్య పోటమ్మా. పాటు వస్తే లాగేస్తుంది."

"ఆయ్, అంతేనంటారా," అని వెళ్ళిపోయింది.

మా వైపు మురుగు కాలువలన్నీ సముద్రంలోకే వెళ్తాయి. పోటు వేళ నీరు బయటికి పోదు, పాటు వేళ లాగుతుంది. అందుకే చేలో నీరు నిలిస్తే ఇక్కడ ఎవరూ ముందు ఎవరినీ తప్పు పట్టరు. పోటు మీదుంది అంటారు, ఆగుతారు. ఆ మాట చాటున దాక్కోవడం చాలా తేలిక. ఆవిడతో అలా అన్నప్పుడు నాకు నిజం తెలుసా అంటే, తెలుసుకోకుండా ఉండాలని ప్రయత్నించాను.

మధ్యాహ్నం పాటు వచ్చింది. వెదురు గెడ పట్టుకుని గేటు దగ్గరికి వెళ్ళాను. గేటుకి దిగువన బోదె మూరెడు దిగిపోయి ఉంది. ఎగువన గట్టు ఒరుసుకుంటూ నిండుగా ఉంది. తూములోకి గెడ దూర్చి కెలికాను. గుప్పెడు గుర్రపుడెక్క వచ్చింది. నీరు అంతే సన్నగా, అదే జోరుతో పడుతోంది. తూము పూడలేదు. దానికి పట్టినంతే పోతోంది. రోడ్డు మీద ఎవరైనా వస్తే గొళ్ళెం సరిచూసుకుంటున్నట్టు నిలబడ్డాను. ఆ సాయంత్రం లోపల మూడుసార్లు వెళ్ళాను. ఆవిడ వెనక గట్ల మీంచి తన చేలోకి దిగేది కాబట్టి ఇటు వచ్చే పని లేదు. రాకూడదని కోరుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చింది. "కాలువ పూడిక తీయించమని అర్జీ ఇద్దామంటున్నారండీ పల్లపు చేలవాళ్ళంతా. మీ రాత బాగుంటది. రాసిపెట్టండి, ఆటోలో ముమ్మిడివరం వెళ్ళి ఆఫీసులో ఇచ్చేస్తాం."

నేను ఉద్యోగమంతా గుమాస్తాగా చేసినవాడిని. అర్జీ రాయడం నాకు చేతి అలవాటు. ఆవిడ తడి చీరతో గుమ్మం దగ్గర నిలబడి ఉండగా, మురుగు కాలువ పూడుకుపోయినందున చేలు మునిగిపోవుచున్నవి గనుక తమరు దయతో విచారించి అంటూ పేజీ నిండా రాశాను. అక్షరం ఎక్కడా తడబడలేదు. మొదటి సంతకం కూడా నాదే. ఆవిడ దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని పరుగున వెళ్ళింది.

నేను కాఫీ తాగలేకపోయాను. మా ఆవిడ గ్లాసు వంకా నా వంకా చూసి ఏమైందని అడిగింది. చెప్పేశాను. గ్లాసు తీసి పక్కన పెట్టింది. తరవాత అంది, "కొబ్బరికాయలు పోకుండా తాళం వేసేరు సరే, ఆ అమ్మాయి చేనుకి కూడా వేసేరేంటండీ?"

మేస్త్రికి ఫోను చేశాను. ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని గునపాలతో వచ్చాడు. తను ముందే చెప్పానని గుర్తు చేస్తాడేమో అనుకున్నాను. చేయలేదు.

"ఎక్కడ కొట్టమంటారండీ?"

"నడిమధ్యన."

కొత్త దారి మీద వేయించిన సిమెంటు పగలడానికి గంట పట్టింది. ఆ గంటా ఎగువ నీటిని చూస్తూనే ఉన్నాను. ఈనిన చేను ఎన్నాళ్ళు ఓర్చుకుంటుందో లెక్కపెట్టడం, మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టడం. మట్టి తీసి తూము ఎత్తి గండి కొట్టగానే ఎర్రటి నీరు ఒక్కసారిగా దూకింది. గేటు రెండు రెక్కలూ తాళంతో సహా స్తంభాలకే ఉన్నాయి, కింద దారి లేదు.

ఆవిడ ఆటో దిగింది. "ఇచ్చేశాం బాబాయిగారూ, రేపు వచ్చి చూస్తామన్నారండీ," అంటూ వచ్చి, గండిలో నీటి జోరు చూసి ఆగిపోయింది. "ఇదేంటండీ?"

"ఇక్కడ రెండు తూముల నీళ్ళు ఒక్క దాంట్లోంచి పంపానమ్మా. రెండోది దాని వెనకే పెట్టించాను. మేస్త్రి చెప్పినా వినలేదు. పోటు కాదు, నేనే."

"పొద్దున్న అర్జీ రాసినప్పుడు తెలుసాండీ మీకు?"

"తెలుసమ్మా."

"దారంతా మీ రాత గురించే చెప్పేనండీ వాళ్ళకి. మా బాబాయిగారు రాసేరు, ఇక పని అయిపోద్దని." అంతే అంది. కేకలు వేస్తుందని ఎదురుచూశాను. చెప్పులు చేతిలోకి తీసుకుని గట్టు మీదుగా తన చేలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు కాలువ చూడ్డానికి వచ్చిన ఉద్యోగికి నేనే ఎదురెళ్ళి సంగతి చెప్పాను. ఆయన గండి వంక చూసి నవ్వి, "గేటు మాత్రం బాగుందండీ," అని బండెక్కాడు. ఊళ్ళో ఆ మాట చాలా రోజులు తిరిగింది.

నీరు తీసింది గానీ ఆవిడ చేలో సగం వెన్నులు తాలుపోయాయి. పోయిన మేరకు ధాన్యం మా ఇంట్లోంచి పంపాను. కాదనకుండా తీసుకుంది. కాదనే స్థితిలో లేదని ఇద్దరికీ తెలుసు. ఆ తరవాతి వేసవిలో ఇంకో రెండు తూములు తెప్పించి, రెండు వరసలుగా వేయించి దారి మళ్ళీ కట్టించాను. మొన్నటి కోతలకి మిషను ఆ గేటులోంచే వెళ్ళి రెండు చేలూ కోసింది. ఆవిడ నన్ను బాబాయిగారనే పిలుస్తుంది, మాటలో మర్యాద ఏమీ తగ్గలేదు.

అయితే వాన పడిన ప్రతిసారీ గొడుగు వేసుకుని మా గేటు దగ్గరికి వస్తుంది. బోదెలోకి వంగి, ఎగువన ఒకసారి, దిగువన ఒకసారి నీటిమట్టం చూసుకుంటుంది. అప్పుడు నేను అక్కడే ఉన్నా, నీళ్ళు లాగుతున్నాయా అని నన్ను మాత్రం అడగదు.