గాలి తిరిగాక కొట్టిన నీలం

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఇంట్లో వాళ్లకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషికి అసలే చెప్పలేదు. మీకెందుకు చెబుతున్నానంటే మీరు నన్ను చూడలేదు. రేపు నా షెడ్డు ముందు నుంచి వెళ్లినా గుర్తుపట్టలేరు. పేరు మాత్రం అడగకండి.

నేను కార్లకు రంగులు వేస్తాను. నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలో నాకు సొంత షెడ్డు ఉంది. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది రెండు రంగుల పని. తెల్ల బండి తెచ్చి బానెట్టు, టాపు నల్లగా కొట్టమంటారు. ఎర్ర బండికి డోర్లు మాత్రం బూడిద రంగులో కావాలంటారు. కంపెనీ ఇచ్చిన రంగులో ఉంటే పదిమంది బండ్లలో కలిసిపోతుందట, తమ బండి అంత దూరం నుంచే తెలియాలట. తెలియనివ్వండి, నాకేం పోయింది. విడవలూరు వైపు నుంచి కూడా వెతుక్కుంటూ వస్తారు. పని అయ్యాక బండి చుట్టూ తిరిగి చూసుకుని, నీ చెయ్యి మంచిదన్నా అంటారు.

ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లేం చేశారు పాపం? అయినా ముఖం చిట్లించుకునేది వాళ్ల మీదే. మొన్న ఒకాయన మెచ్చుకుంటే, "సరే సరే, బండి తీయండి, అడ్డంగా ఉంది" అన్నాను. ఆయన నొచ్చుకుని వెళ్లిపోయాడు. ఇలా ఎంతమందిని నొప్పించానో. వాళ్లకు ఏమని చెప్పను? మంచి చెయ్యి నాది కాదు, మస్తానన్నది అని చెబితే, మస్తాన్ ఎవరంటారు. అక్కడి నుంచి మొత్తం చెప్పాల్సి వస్తుంది.

అందుకే ఇక్కడ మొత్తం చెబుతున్నాను.

మస్తానన్న టింకరింగ్ మేస్త్రి. సొట్టలు తీయడం, తుప్పు తిన్న రేకు కోసి కొత్త ముక్క అతకడం ఆయన పని. ఆ పైన పుట్టీ, ప్రైమరు, రంగు నా పని. ఇద్దరం పెంచలయ్య గారి షెడ్డులో చేసేవాళ్లం. ఆ షెడ్డు నా ఇప్పటి షెడ్డు కంటే సముద్రానికి ఇంకా దగ్గర. నన్ను అక్కడ పనిలో పెట్టించింది మస్తానన్నే. నాకు అప్పుడూ ఇంతే కోపం. టేపు సరిగా అంటుకోకపోతే టేపు మీద, రంగు కొట్టే గన్ను ఉమ్మితే గన్ను మీద అరిచేవాడిని. ఆయన నవ్వి, మధ్యాహ్నం క్యారియర్ విప్పాక ముందు నా కంచంలో వడ్డించేవాడు. తిన్నాక నా నోరు కాస్త మూతపడుతుందని ఆయన లెక్క.

సముద్రం పక్కన రంగు పనికి ఒక కట్టుబాటు ఉంది. పొద్దున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది. మధ్యాహ్నానికి తిరుగుతుంది. తిరిగిందంటే ఉప్పూ తేమా తెస్తుంది. కంటికి కనపడవు, రేకు మీద చేరి కూర్చుంటాయి. వాటి మీద రంగు కొడితే ఆ రోజుకు అద్దంలాగే ఉంటుంది. ఒక వానాకాలం దాటాక పొక్కులు లేస్తాయి. పెంచలయ్య గారి షెడ్డుకు తూర్పున, సముద్రం వైపు, టార్పాలిన్ పట్ట కట్టి ఉండేది. దాని అంచు లేచిందంటే గాలి తిరిగినట్టు. పట్ట లేస్తే గన్ను దించాలి. ఇది ఎవరూ గోడ మీద రాసిపెట్టలేదు, మా వైపు రంగు పనివాళ్లందరికీ తెలుసు. నాకూ తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే దారి కూడా నాకు లేదు.

రెండు రంగుల మోజు మా వైపు అప్పుడప్పుడే మొదలవుతోంది. ప్రభాకర్ గారని, రొయ్యల గుంటలు సాగు చేసే ఆయన తన తెల్ల బండి తీసుకొచ్చాడు. బానెట్టు, టాపు, ముందు డోర్లు రెండూ ముదురు నీలం కావాలన్నాడు. మిగతా అంతా తెలుపే ఉండాలి. ఆదివారం చెల్లెలి పెళ్లి. పెళ్లికూతురు చర్చికి ఆ బండిలోనే వెళ్లాలి. మా షెడ్డులో అలాంటి పని అంతకుముందు చేయలేదు. నేను చేస్తానని ముందుకు దూకాను. ఫోనులో ఎన్ని బండ్ల ఫోటోలు చూశానో. తెలుపూ నీలమూ కలిసే గీత ఎక్కడ రావాలో సుద్దముక్కతో గీసి, చెరిపి, మళ్లీ గీశాను.

ఆ బండి ఎప్పుడూ రొయ్యల గుంటల గట్ల మీద తిరిగేది కాబట్టి ముందు డోర్ల అడుగు తుప్పు తినేసింది. మస్తానన్న ఆ మేరకు కోసి కొత్త రేకు అతికాడు. కళ్లు మూసుకుని చెయ్యి పెట్టి చూశాను. అతుకు ఎక్కడుందో నా వేళ్లకు దొరకలేదు. అంత బాగా చేశాడు.

గురువారం పొద్దున బానెట్టు, టాపు కొట్టాను. బ్రహ్మాండంగా వచ్చాయి. డోర్లు శుక్రవారానికి మిగిలాయి. శుక్రవారం మస్తానన్నకు సెలవు, నెల్లూరులో ఇంటి దగ్గరే ఉంటాడు. పెంచలయ్య గారు సామాను కోసం పొద్దున్నే టౌనుకు వెళ్లారు. నేను రంగు పడకూడని చోట్ల కాగితాలు కప్పి, టేపులన్నీ అంటించి, రంగు కలుపుకుని గన్ను ఎత్తేసరికి కరెంటు పోయింది. కరెంటు లేకపోతే గన్నుకు గాలి ఇచ్చే కంప్రెసర్ లేదు. కూర్చున్నాను. లేచాను. కరెంటు వాళ్లను తిట్టాను. మళ్లీ కూర్చున్నాను. మధ్యాహ్నం కరెంటు వచ్చింది. పట్ట వైపు చూశాను.

అంచు లేచి ఉంది.

మెల్లగానే ఊగుతోంది. అయినా లేచింది. నేను ఆగి ఉండవచ్చు. శనివారం పొద్దున కొట్టినా పెళ్లికి బండి అందేది. మరి ఎందుకు ఆగలేదు? కరెంటు వల్ల అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పెళ్లి తొందర అని చెప్పుకున్నాను. రెండూ అబద్ధమే. ఆ బండిని రెండు రంగుల్లో ఆ సాయంత్రమే చూసుకోవాలని నాకు ఆత్రం, అంతే. సగం తెల్లగా సగం కాగితాలతో ఉన్న బండి ముందు ఇంకొక పూట కూర్చోవడం నా వల్ల కాలేదు. గన్ను ఎత్తి రెండు డోర్లూ కొట్టేశాను. సాయంత్రం టేపులు పీకాక చూస్తే తెలుపు పక్కన నీలం ఎంత బాగుందంటే, గాలి సంగతి నిజంగానే మరిచిపోయాను.

పెళ్లి జరిగింది. ఆ బండి చూసి అలాంటి పనికే ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చారు. తర్వాత వానలు వచ్చాయి, పోయాయి. ప్రభాకర్ గారు బండి తెచ్చి షెడ్డులో అందరి ముందూ డోర్లు చూపించాడు. నీలం మీద పొక్కులు. కింద ఎక్కువ, పైన తక్కువ. బానెట్టు, టాపు మాత్రం నిగనిగలాడుతున్నాయి. మస్తానన్న అతుకులు వేసింది డోర్లకే కదా. ఎవరికైనా ఏమనిపిస్తుంది? తుప్పు సరిగా కోయలేదు, లోపల మిగిలింది, అదే పైకి తన్నింది అనిపిస్తుంది. పెంచలయ్య గారికీ అదే అనిపించింది. మరునాడు మస్తానన్న వచ్చి చూసేసరికి పొక్కులు గీకిన చోటల్లా రేకు ఎర్రగా ఉంది.

ఆయన డోరు ముందు గొంతు కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"అబ్బయా, ఈ డోర్లకు రంగు ఎప్పుడు కొట్టినావు?"

"పొద్దున్నే కొట్టినా అన్నా."

"పట్ట లేవకముందేనా?"

"ముందేనన్నా."

ఆయన నా ముఖం వైపు చూడలేదు. చూసి ఉంటే దొరికిపోయేవాడిని. ఎర్రబడిన రేకు వైపే చూస్తూ, "అయితే నా చెయ్యే తప్పిందిలే," అన్నాడు.

ఆ రోజే పెంచలయ్య గారు, ఇకమీదట తుప్పు పని మస్తాన్ చేతికి ఇవ్వనని, బండి సంగతి కనుక్కోవడానికి వచ్చిన ప్రభాకర్ గారి ముందే అనేశారు. మస్తానన్న తల ఊపాడు. నేను పక్కనే నిలబడి రంగు రుద్దే వాటర్ పేపర్ ముక్కలు చేసుకుంటున్నాను.

ఇంతవరకు చెప్పింది సగం. రాస్తూ రాస్తూ ఒకటి దాటేశాను. చూశారా, ఇప్పుడు కూడా దాటేయబోయాను. ఆ రేకు దానంతట అది ఎర్రబడలేదు.

ప్రభాకర్ గారు బండి వదిలివెళ్లాక మొదటి పొక్కును గీకింది నేనే. మస్తానన్న ఆ పూట బయటి పని మీద ఉన్నాడు. పొక్కు కింద బూడిద రంగు ప్రైమరు శుభ్రంగా ఉంది. ఒక్క చుక్క ఎరుపు లేదు. అంటే తుప్పు కాదు. ప్రైమరుకీ నీలానికీ మధ్య చేరిన ఉప్పు పని అది. అంటే నేను. అప్పుడు నేనేం చేశానో తెలుసా? పొక్కు ఉన్న ప్రతిచోటా ప్రైమరు కూడా పోయేదాకా, తెల్లటి రేకు కనపడేదాకా గీకాను. దాని మీద తడిగుడ్డ తుడిచాను. బండిని తూర్పు ముఖంగా ఆరుబయట పెట్టి ఇంటికి పోయాను. మా గాలికి వట్టి రేకు తెల్లారేసరికి ఎర్రబడుతుంది. అది కూడా మా వైపు అందరికీ తెలుసు.

మస్తానన్నకు తెలియదా? పైపై ఎరుపు వేరు, లోపలి నుంచి తిన్న తుప్పు వేరు. బొటనవేలితో రుద్దితే చాలు, పైది వచ్చేస్తుంది. జీవితమంతా అదే పని చేసిన మనిషి ఆ రోజు ఎందుకు రుద్దలేదు? ఒక్కోసారి నాకు ఆయన మీదే కోపం వస్తుంది. ఒక్కసారి రుద్ది ఉంటే ఏం పోయేది? నన్ను పట్టుకుని రెండు తన్ని ఉంటే ఆ రోజుతో అయిపోయేది కదా! కానీ నా మాట విన్నాడు. పొద్దున్నే కొట్టానని నేను చెప్పాక ఆయనకు ఇంకేదీ చూడాల్సిన అవసరం కనపడలేదు. రేకును నమ్మలేదు, తన చేతిని నమ్మలేదు, నన్ను నమ్మాడు. ఇంత వెధవపని చేసి, చివరికి కోపం కూడా ఆయన మీదే చూపిస్తున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లు షెడ్డులో ఉన్నాడు. ఉన్న ఆ కొన్నాళ్లే నాకు నరకం. మామూలు సొట్ట తీసి, అక్కడే మళ్లీ సుత్తితో తట్టి, మళ్లీ చెయ్యి పెట్టి చూసుకునేవాడు. "చూడబ్బయా, సరిపోయిందా?" అని నన్ను అడిగేవాడు. నన్ను! ఆయన పనికి నేను సర్టిఫికెట్ ఇవ్వాలి. సరిపోయిందన్నా అనేవాడిని. నమ్మకం చాలక మళ్లీ తట్టేవాడు. ఒకరోజు సుత్తులన్నీ గోనెసంచిలో వేసుకుని వెళ్లిపోయాడు. ఇప్పుడు మైపాడులో పడవలకు ఐసు తోలే ఆటో నడుపుతున్నాడు. ఆ ఆటో అడుగు తుప్పు పడితే అతుకు కూడా వేరేవాళ్లతో వేయించుకుంటాడని విన్నాను.

నేను మాత్రం పైకొచ్చాను. ఒప్పుకోక తప్పదు, ఆ బండే నాకు పేరు తెచ్చింది. డోర్లకు ఇంకో మేస్త్రి చేత పని చేయించి, వాటికి మళ్లీ నీలం కొట్టాను. ఈసారి పొద్దున్నే కొట్టాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో గాలి తిరిగాక ఒక్క పని చేయలేదు. దానివల్ల ఏం ఒరిగింది? ఎవరికి ఒరిగింది?

పోయిన నెల మస్తానన్న తన ఐసు ఆటోలో నా షెడ్డుకు వచ్చాడు, వెనకే ఒక కుర్రాడు ఒక బండి నడుపుకొచ్చాడు. అల్లుడు సెకండ్ హ్యాండ్‌లో తెల్ల బండి కొన్నాడట. డోర్లు నీలంగా కావాలట. ఎవరో పాత ఫోటో చూపించారట, ప్రభాకర్ గారి బండిది. ఆ ఫోటో ఆయనే ఫోనులో నాకు చూపించాడు. ముఖంలో ఏ బాధా లేదు, ఒకప్పుడు మనమిద్దరం చేసిన బండి అబ్బయా అన్నట్టే చూపించాడు. బండి వంగి చూశాను. డోర్ల అడుగు తుప్పు తినేసింది.

"అన్నా, ఈ అతుకులు నువ్వే వెయ్యి. సుత్తులు నా దగ్గర ఉండాయి," అన్నాను.

"వద్దబ్బయా, తుప్పు పనికి నా చెయ్యి మంచిది కాదు. వేరేవాళ్లతో చేయించు. రంగు మాత్రం నువ్వే కొట్టాలని నేనే అల్లుడికి చెప్పినా. నువ్వైతే పొద్దున్నే కొడతావు."

తాళం నా చేతిలో పెట్టి ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. నేను ఆపలేదు. ఐసు కరిగిపోతుంది, ఆయనకు ఆలస్యమవుతుంది అని ఒక సాకు అప్పటికప్పుడు దొరికింది. సాకులు దొరకడంలో నా అంత అదృష్టవంతుడు లేడు.

ఆ బండి ఇంకా నా షెడ్డులోనే ఉంది. డోర్లు విప్పి గోడకు ఆనించాను. టింకరింగ్‌కు ఎవరికీ ఇవ్వలేదు. అల్లుడు రోజూ ఫోన్ చేస్తున్నాడు, రేపు అంటున్నాను. ఆయనతో చెబుతానో లేదో నాకు తెలియదు. చెబితే ఏమవుతుందో కూడా తెలియదు. క్షమించమని అడిగే ముఖం లేదు, అడగను కూడా. పోయిన ఆ చేతిని నేను తిరిగి తెచ్చివ్వలేను. కానీ ఆ రోజు ఆయన అడిగిన దానికి సరైన జవాబు ఒకటి ఉంది. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా పైకి అనలేదు. ఇవాళ షెడ్డులో ఎవరూ లేనప్పుడు, ఆ డోర్ల ముందు కూర్చుని అన్నాను. అన్నాక ఊపిరి కాస్త బాగా ఆడింది. మీకూ అదే చెబుతున్నాను.

మధ్యాహ్నం కొట్టినా అన్నా. పట్ట లేచినాకే కొట్టినా. రేకును గీకి ఎర్రబడేట్టు పెట్టింది కూడా నేనే. నీ చెయ్యి తప్పలేదు.