ప్రేమదాసు ఊదించి చూపిన గుడ్డ

"నిర్లక్ష్యం చేత దుమ్ము మిషను పాడుచేసినందున రేపటి నుండి పనిలోకి రానక్కరలేదు."

మొయినాబాద్ మిషన్ బంగళా మేనేజరు యేసురత్నం రాసిచ్చిన కాగితాన్ని ఎంకపల్లి ప్రేమదాసు మూడుసార్లు చదివాడు. చదవడం రాక కాదు. నాలుగో తరగతిలో ఇరవై ఎక్కాలూ ఆగకుండా అప్పజెప్పి, చేవెళ్ల ఇన్‌స్పెక్టరు చేతి మీదుగా పలక బహుమానం తెచ్చుకున్నవాడు. నమ్మబుద్ధి కాక చదివాడు.

నిర్లక్ష్యమట! గుడి హార్మోనియం తిత్తి చినిగితే పట్నం పంపకుండా తోలు అతికి పాడించింది ఎవరు? ఆగిన గోడ గడియారాన్ని విప్పి, మళ్లీ బిగించి, ఒక్క మర కూడా మిగలకుండా నడిపించింది ఎవరు? ఈ పద్నాలుగేళ్ల నౌకరీలో ఆ మాట అన్నవాడు లేడు.

పొడుగు పిడి ఉన్న ఆ కరెంటు మిషను, దొరసాని తన దేశం వెళ్తూ బంగళాకు వదిలిపోయినది. నిలబడి తివాచీ మీద తోస్తే దుమ్మంతా లోపలికి లాగుతుంది. లోపల సంచిలాంటి ఫిల్టరు గుడ్డ ఒకటి దుమ్మును ఆపి గాలిని వదులుతుంది. దాన్ని రోజూ పెరటి బండకు దులపాలి, వారానికోసారి వట్టి నీళ్లలో పిండాలి, నీడన ఒక దినమంతా ఆరనివ్వాలి. ఆరేదాకా రెండోది పెట్టాలి. ఇవన్నీ దొరసాని చెప్పినవి. గుడ్డను నోటికి పెట్టుకొని ఊది, అవతల అరచేతికి గాలి తగిలితేనే బిగించాలన్న పరీక్ష మాత్రం ప్రేమదాసు సొంతం.

అది అరవై తొమ్మిది ఎండాకాలం, తెలంగాణ ఉద్యమం రోజులు. బడులు మూతబడ్డాయి. బస్సు ఏ పూట నడుస్తుందో తెలియదు. పాత గుడ్డలు చివికిపోయాయి, పట్నంలో అవి అమ్మే దుకాణం షట్టరు లేవడం లేదు. అప్పుడు ప్రేమదాసు దొరసాని పాత నూలు పైజామా కత్తిరించి, అసలుదాని కొలతకే రెండు గుడ్డలు కుట్టాడు. మిషను ఎప్పటిలాగే లాగింది.

తరువాత పెద్దమ్మ చనిపోతే కొండకల్ వెళ్లి పది రోజులు ఉండి వచ్చాడు. రాగానే ఈ కాగితం.

ఊరి పాండు దారిలో ఆపాడు. "ప్రేమదాసన్నా, ఆంధ్ర సారు నీ నౌకరీ తీసిండంట గద! నువ్వు ఊ అను. పదిమందిమి గేటుకాడ కూసుంటం."

"మీరు కూసుంటే నౌకరీ వస్తదేమో. మిషను నేను చెడగొట్టలేదని ఎట్ల తేల్తది? జర ఆగు."

ప్రేమదాసు అర్జీ మీద గురువారం విచారణకు మిషన్ కమిటీ పెద్ద గిద్యోను అయ్యగారు చేవెళ్ల నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చారు. వరండాలో యేసురత్నం, కదిలితే ఫెళఫెళమనే తెల్ల చొక్కాలో, ముందుగానే నిలబడి ఉన్నాడు.

"పాత పైజామా కుట్టి లోపల పెట్టాడండీ ఈయన! మిషను ఒకటే గోల, మాడిన వాసన. చదువు లేనివాడి చేతికి ఇస్తే ఇంతే మరి."

ప్రేమదాసు మిషను దగ్గరికి జరిగాడు. "సారూ, నేను లేని పది దినాలు గుడ్డ ఎవరు సాఫ్ చేసిన్రు?"

"నేనే దగ్గరుండి చేయించాను. అతిథులు వచ్చే చోట ఆ మురికిగుడ్డ ఏంటయ్యా? మల్లెపువ్వులా చేయించాను."

ప్రేమదాసు మిషను క్లిప్పు విప్పి గుడ్డను బయటికి లాగాడు. అది అప్పడంలా చప్పుడు చేస్తూ వచ్చింది. ఇస్త్రీ మడత కూడా చెక్కుచెదరలేదు.

"అయ్యగారూ, జర నోటికి పెట్టుకొని ఊదుండ్రి."

అయ్యగారు ఊదారు. బుగ్గలు ఉబ్బాయి, కళ్లద్దాలు మసకబారాయి, అరచేతికి గాలి తగల్లేదు. ప్రేమదాసు తన ఇంట్లో ఉండిపోయిన రెండో గుడ్డను సంచిలోంచి తీసి ఇచ్చాడు. ఈసారి ఊపిరి సాఫీగా అవతలికి పోయింది. తరువాత మొదటి గుడ్డను నీళ్ల పళ్లెంలో ముంచి పిండితే నీళ్లు తెల్లబడ్డాయి.

"గంజి!" అన్నారు అయ్యగారు.

"తెల్లబట్టకు గంజి పెట్టరా ఏంటండీ?" అన్నాడు యేసురత్నం.

"అంగీకి పెడ్తరు సారూ. గిది మిషను ముక్కు. మీ అంగీని గట్టిగ ముక్కుకు కట్టుకొని ఒక్క గడియ ఉండుండ్రి, మీరూ గట్లనే మొత్తుకుంటరు."

రెండో గుడ్డ బిగించి మీట నొక్కాడు. మిషను ఒకసారి దగ్గి, తివాచీ మీది వేపాకులన్నీ లాగేసింది.

అయ్యగారు నవ్వారు. "ఇగ అయిపాయె ప్రేమదాసూ. రేపటి నుంచి పనికి రా."

ప్రేమదాసు నవ్వలేదు. జేబులోంచి కాగితం తీశాడు. "గిండ్ల నిర్లక్ష్యం అని ఉన్నది. అది కొట్టేసి అసలు సంగతి రాయాలె."

"నోటితో చెప్పాక ఇంకా కాగితం ఎందుకయ్యా?" అన్నాడు యేసురత్నం.

"మీరు నన్ను నోటితోని తీసెయ్యలే సారూ, కాగితం మీద తీసేసిన్రు."

అయ్యగారు కలం యేసురత్నం ముందు పెట్టారు. అతను రాసినది చదివి ప్రేమదాసు తిరిగి ఇచ్చాడు. "పొరపాటు అని ఉన్నది. గంజి అని పడలే. గా మాట పడాలె."

పడింది. కింద సంతకం కూడా పడింది.

గేటు దగ్గర పాండు లేచాడు. "ఏమాయెనే అన్నా? కూసుందుమా?"

ప్రేమదాసు కాగితం అతని చేతిలో పెట్టాడు. "చదువు. గట్టిగ చదువు, వరండా దాకా ఇనవడాలె."

గంజి దగ్గరికి వచ్చేసరికి పాండుకు నవ్వు ఆగలేదు.

"నగుడు కాదు," అన్నాడు ప్రేమదాసు. "నిర్లక్ష్యం కొట్టేసిన కాడికెళ్లి మళ్ల చదువు."