కూర్చుని చూసే పని

కుర్చీలకు కొత్త గుడ్డ తొడిగే ఆ దుకాణంలో ఒక పద్ధతి ఉంది. తొడిగినవాళ్లే కూర్చుని చూడాలి. స్పాంజి ఎక్కడ దిగిందో, గుడ్డ ఎక్కడ వదులైందో ఒంటికే తెలుస్తుంది. అక్కడ గుడ్డలు తొడిగే ఒకావిడ మాత్రం లేతరంగు కుర్చీ వస్తే, పక్కనే పనిచేసే వదినను పిలిచి, "కాస్త నువ్వు కూర్చోవా" అని తప్పుకునేది. నెలలో సగం రోజులు రక్తం పోతూనే ఉండేది మరి. వేసుకునేవన్నీ ముదురు రంగులే. లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, కూర్చున్న చోటు ఒకసారి చూసుకునేది. గర్భసంచిలో గడ్డలున్నాయి, సంచి తీసేయడమే మేలని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పినా, "పిల్లల్ని మోసిన చోటు కదండీ" అంటూ నాన్చుతూ వచ్చింది. ఒకరోజు వదిన రాలేదు. తెల్లకుర్చీలో తనే కూర్చుంది. లేచి చూసి, ఆ గుడ్డంతా విప్పేసి కొత్తది తొడిగింది. ఇంటికెళ్లి మొగుడితో, "తీయించేసుకుంటానయ్యా" అంది.

ఆపరేషనయ్యాక దగ్గొస్తే పొట్టకు దిండు అదుముకునేది. అద్దంలో కుట్లు చూసుకుని, "నేనైతే ఇంకా దగ్గరదగ్గరగా వేసేదాన్ని" అంది. అన్నాక తనకే నవ్వొచ్చి, "అమ్మో" అని దిండు గట్టిగా పట్టుకుంది. మొగుడు ఆవిణ్ణి బకెట్టు కూడా ముట్టుకోనివ్వలేదు. మళ్లీ పనిలోకి వచ్చిననాడు మీగడరంగు కుర్చీ సిద్ధమైంది. వదిన అలవాటుగా కూర్చోబోయింది. "ఆగు వదినా, నేను చూస్తా" అని తనే కూర్చుని, వెనక్కి ఆనుకుంది. లేవగానే మెడ దానంతటదే వెనక్కి తిరిగింది. మీగడరంగు మీగడరంగులాగే ఉంది.

"ఏం చూస్తున్నావ్?" అంది వదిన.

"ఎడమపక్క స్పాంజి కాస్త దిగినట్టుంది" అని, మళ్లీ కూర్చుంది.